పల్లెరోడ్ల ద్రవ్యము - దాని పర్యవేక్షణము

పంట కళ్ళమున నున్నంతవరకు అది ధాన్యమే కాని సొమ్ము కాదు. బండి యంగడికి చేరిన పిమ్మటనే దానికి వెల యేర్పడును. వానకాలమున బాట బురదయై చక్రములు దిగబడు గ్రామమున, దళారి చెప్పిన ధరకే రైతు తల యూపవలసివచ్చును. కావున రోడ్డునకు సొమ్మెచ్చటినుండి వచ్చును, దాని నెవరు కనిపెట్టి యుందురు అను సంగతులను మన సభ్యులెల్లరు నెఱుంగుట యవసరము.

రోడ్డును వాడుకొనువారే దాని వ్యయమున కొంత భరించు పద్ధతి మనకు క్రొత్త కాదు. జయకర్ కమిటీ సిఫారసుపై 1929లో పెట్రోలు సుంకముతో కేంద్ర రోడ్డు నిధి యేర్పడెను. 2000 సంవత్సరపు చట్టము ఆ నిధికి శాసనబలము నొసగి, డీసెలుపై వసూలగు సెస్సులో సగమును పల్లెరోడ్లకు కేటాయించెను. 2018లో ఆ నిధి పేరును, పంపకమును మారినవి గాని, డీసెలుపై సెస్సు నిలిచియే యున్నది. ట్రాక్టరులో డీసెలు పోయించు ప్రతి రైతును తానెఱుంగకయే రోడ్డునకు చందాదారు డగుచున్నాడు.

2000 డిసెంబరు 25వ తేదీన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ప్రారంభమయ్యెను. 2001 జనాభా లెక్కలనుబట్టి మైదానములలో 500 మందియు, కొండ, గిరిజన ప్రాంతములలో 250 మందియు, లేక అంతకు మించియు జనముండి, అన్ని ఋతువులలో నడువదగిన రోడ్డు లేని యావాసములకు రోడ్డు వేయుట దీని మొదటి యుద్దేశము. ఏ రోడ్డు ముందు, ఏది వెనుక అనునది ఒకరి యిష్టముపై విడువక, జిల్లాకొక రోడ్ల పట్టిక తయారుచేసి జిల్లా పరిషత్తు ఆమోదము పొందవలెనని నియమించిరి. తొలుత వ్యయమంతయు కేంద్రమే భరించెను. 2015-16 నుండి నూటికి 60 కేంద్రమును, 40 రాష్ట్రమును భరించునట్లు మార్చిరి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రములకు మాత్రము 90, 10 పాళ్ళు. 2019లో మొదలైన మూడవ దశలో మార్కెట్లకు, ఉన్నత పాఠశాలలకు, ఆసుపత్రులకు పోవు 1,25,000 కిలోమీటర్ల రోడ్లను బాగుచేయ సంకల్పించిరి.

పర్యవేక్షణము మూడంచెలుగా నున్నది. పని చేయించు ఇంజనీర్లు మొదటి అంచె. రాష్ట్రము నియమించు తనిఖీదారులు రెండవది. కేంద్రము పంపు స్వతంత్ర తనిఖీదారులు మూడవది. ఇంతియ గాక, ఏ పొరలో ఎంత సామగ్రి వేయవలెనో స్థానిక భాషలో వ్రాసిన పలక రోడ్డు ప్రక్కన నిలుపవలెనని నియమము గలదు. రోడ్డు వేసిన కంట్రాక్టరే అయిదేండ్లు దానిని బాగుగా నుంచవలెనని యొడంబడిక. ఆ నిర్వహణ వ్యయము రాష్ట్రము చెల్లించవలెను.

సోదరులారా! అసలు కీలకము ఈ అయిదేండ్లలోనే యున్నది. గుంత పడినప్పుడు ఊరు మౌనము వహించి గడువు దాటనిచ్చినచో, కంట్రాక్టరు బాధ్యత తీరిపోవును. మరమ్మతు భారము మరల ప్రజాధనముపై బడును. ఆడిటరు చూచుచున్నాడు గదా యని మన సంఘపు లెక్కలను మనము చూడక విడుతుమా? రోడ్డు లెక్కయు నట్టిదే. ఆ పలకను చదువుడు. పని ముగిసిన తేదీని గ్రామపంచాయతీలో వ్రాసియుంచుడు. లోపము కనబడిన వెంటనే ఇంజనీరునకు వ్రాతమూలకముగా తెలుపుడు. 2015లో ఏర్పడిన ‘మేరీ సడక్’ అను ఫోను సాధనము ద్వారా ఛాయాచిత్రముతో ఫిర్యాదు పంపవచ్చును. తనిఖీదారు ఎప్పుడో యొకనాడు వచ్చిపోవును. ఆ రోడ్డుపై నిత్యము బండి తోలువాడు రైతు. అతని కన్నే నాలుగవ అంచె.