ప్యాక్‌మన్ పెట్టెకు పలుచని తెర

1980లో జపాన్‌లో నామ్కో కంపెనీ తయారుచేసిన ప్యాక్‌మన్ అనే ఆర్కేడ్ వీడియోగేమ్‌ని అదే ఏడాది అమెరికాలో మిడ్‌వే సంస్థ నిలువెత్తు చెక్కపెట్టెల్లో బిగించి ఊరూరా చేర్చింది. ఆ పెట్టెల చెక్క ఇప్పటికీ గట్టిగానే ఉంది. లోపలి బోర్డు కూడా చాలావాటిలో పనిచేస్తోంది. ముందుగా నీరసించేది పిక్చర్ ట్యూబే. ఏళ్ల తరబడి ఒకేచోట అదే చిక్కుదారి వెలిగి వెలిగి అద్దం లోపలి పాస్ఫర్ పూత మాడిపోతుంది. కరెంటు తీసేసినా ఆ గోడల నీడ తెరమీద అలాగే కనిపిస్తుంది. వెనకవైపు కెపాసిటర్లు ఎండిపోతాయి, మన టీవీ మెకానిక్‌లు ఈహెచ్‌టీ అనే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఈ రెండూ మార్చుకోవచ్చు. మాడిన ట్యూబుకి మాత్రం మందు లేదు. మంచి స్థితిలో ఉన్న పాత ట్యూబు మరొకటి వెతుక్కోవాలి, అది అంత తేలిగ్గా దొరికే సరుకు కాదు.

అప్పుడు ఎవరికైనా తట్టే ఉపాయం ఒకటుంది. బోర్డు నుంచి వచ్చేవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం వైర్లే. ఎల్‌సీడీ మానిటర్ వీజీఏ కేబుల్లోనూ ఉండేవి అవే. కలిపేస్తే పోలా? కలిపి చూస్తే నల్లటి తెరమీద ఒక చిన్న డబ్బా తేలుతుంది: ‘ఔట్ ఆఫ్ రేంజ్’.

లెక్క ఎక్కడ తప్పిందో చూద్దాం. ప్యాక్‌మన్ బోర్డు సెకనుకు 61 లక్షల 44 వేల చుక్కల వేగంతో నడుస్తుంది. ట్యూబు బొమ్మను గీతలు గీతలుగా వేస్తుంది, ఒక్కో గీతకు 384 చుక్కల సమయం. అందులో కంటికి కనిపించేవి 288, మిగతాది ఎలక్ట్రాన్ పుంజం వెనక్కి మళ్లి తర్వాతి గీత మొదటికి చేరడానికి ఇచ్చిన వ్యవధి. అంటే సెకనుకు సరిగ్గా 16,000 గీతలు. 264 గీతలకు ఒక ఫ్రేము, వాటిలో కనిపించేవి 224. కాబట్టి సెకనుకు 60.6 ఫ్రేములు. మానిటర్‌ని పక్కకు తిప్పి నిలబెట్టారు గనక ఈ గీతలు మనకు అడ్డంగా కాక నిలువుగా నడుస్తాయి. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ పద్ధతిలో సెకనుకు గీతలు దాదాపు 31,500. ఆ లెక్కకు అలవాటుపడిన తెర ముందు 16,000 గీతల సిగ్నల్ పెట్టడం, మీటర్ గేజ్ బండిని బ్రాడ్ గేజ్ పట్టాల మీదికి ఎక్కించబోవడమే.

ఇంతకన్నా లోతైన తేడా మరొకటి ఉంది, నాకు ఈ కథలో అసలు రుచి అక్కడే. ప్యాక్‌మన్ బోర్డులో పూర్తి బొమ్మ ఎక్కడా దాచి ఉండదు. జ్ఞాపకశక్తి అప్పట్లో ఖరీదు. ఏ గడిలో ఏ బొమ్మముక్క రావాలో ఆ అంకె మాత్రమే గుర్తుపెట్టుకుని, పుంజం ఆ చోటికి వచ్చే వేళకు రంగును అప్పటికప్పుడు తేలుస్తుంది. ఎరుపుకు మూడు రెసిస్టర్లు: 1000, 470, 220 ఓమ్‌లు. ఆకుపచ్చకూ అవే మూడు, నీలానికి చివరి రెండే. వీటిలో ఏవి తెరుచుకుంటే ఆ మేరకు వెలుగు. ట్యూబు కూడా ఏమీ దాచుకోదు, వచ్చిన చుక్కను వచ్చినట్టే వెలిగిస్తుంది. బోర్డుకీ, పుంజానికీ, ఆడేవాడి కంటికీ మధ్య ఆలస్యమనేది లేనట్టే.

ఎల్‌సీడీ తీరు అది కాదు, తనకు అలవాటైన వేగంలో సిగ్నల్ వస్తేనే చూపుతుంది. అందుకే మధ్యలో స్కేలర్ అనే చిన్న బోర్డు పెడతారు. జీబీఎస్-8200 అనే చవక బోర్డు ఈ పనికి పేరుమోసింది. అది పాత సిగ్నల్‌ని అంకెలుగా మార్చి, జ్ఞాపకంలో పోసుకుని, కొత్త వేగంతో మళ్లీ పంపుతుంది. ఆర్కేడ్ బోర్డుల వోల్టేజీ వీజీఏ కోరుకునే 0.7 వోల్టుల కన్నా బాగా ఎక్కువ కాబట్టి, స్కేలర్ మీదున్న మూడు చిన్న తిప్పుడు మరలతో ఒక్కో రంగునూ తగ్గించుకోవాలి. లేకపోతే ఆటలో ప్యాక్‌మన్‌ని తరిమే దయ్యాల రంగులన్నీ వెలిసి పాలిపోతాయి.

బొమ్మ వచ్చేస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆడి చూడండి. మొదటి స్థాయిలో ప్యాక్‌మన్ ఇంచుమించు ఫ్రేముకొక చుక్క కదులుతాడు. స్కేలర్, మానిటర్ కలిసి మూడు ఫ్రేములు ఆలస్యం చేస్తే, మీరు చూస్తున్న చోటికన్నా అతను మూడు చుక్కలు ముందుంటాడు. గడి వెడల్పు 8 చుక్కలు. మలుపుకి కాస్త ముందే జాయ్‌స్టిక్ తిప్పి మూల కోసుకుంటూ వెళ్లడం ఈ ఆటలో దయ్యాల నుంచి తప్పించుకునే ప్రధాన విద్య. చేతికి అలవాటైన ఆ విద్య తప్పుతుంది. పైగా 60 ఫ్రేముల దగ్గరే స్థిరంగా నిలిచే తెర అయితే, 60.6లో మిగిలిన ముక్క కోసం ఇంచుమించు 1.65 సెకన్లకొక ఫ్రేమును వదిలేయాలి. తెర కదలని ప్యాక్‌మన్‌లో ఇది పెద్దగా తెలియదు. 54.7 ఫ్రేముల మోర్టల్ కాంబాట్‌లో అయితే సెకనుకు ఐదారు ఫ్రేములు రెండుసార్లు చూపాలి, నడకలో తడబాటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఓఎస్‌ఎస్‌సీ లాంటి పరికరాలు బొమ్మ మొత్తం దాచుకోకుండా వచ్చిన గీతనే రెండుసార్లో, ఐదుసార్లో వెంటనే తిప్పి పంపుతాయి. పరికరం వైపు ఆలస్యం దాదాపు ఉండదు, కానీ ఆ వింత వేగాన్ని తెర ఒప్పుకోవాలి. అన్నీ ఒప్పుకోవు.

ప్రతి బోర్డుకూ ఒక పేచీ ఉంటుంది. 1981 నాటి డాంకీ కాంగ్ బోర్డు రంగుల్ని తిరగేసి పంపుతుంది. నింటెండో వాడిన శాన్యో మానిటర్‌కు అలాగే కావాలి. మామూలు తెరకు కలిపితే నలుపు తెలుపవుతుంది. 1985లో జపాన్ తయారీదారుల సంఘం జామా పేరుతో 56 పిన్నుల కనెక్టర్ ఖాయం చేశాక పని సులువైంది. మన ఊళ్ల వీడియోగేమ్ షాపుల్లో పిల్లలు ‘ముస్తఫా’ అని పిలుచుకున్న 1993 నాటి క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ ఆ పద్ధతిదే. గీతలే లేకుండా పుంజాన్ని నేరుగా తిప్పి బొమ్మ గీసే ఆస్టరాయిడ్స్ లాంటివాటికి ఈ స్కేలర్లు ఎందుకూ పనికిరావు. ట్యూబు వెలుగును పట్టి గురిచూసే డక్ హంట్ రకం తుపాకులూ ఎల్‌సీడీ ముందు గుడ్డివే.

తెర ఎంపికలోనూ ఒక మెలిక ఉంది. చవక టీఎన్ ప్యానెల్‌ని నిలువుగా తిప్పితే పక్కన నిలబడ్డ రెండో ఆటగాడికి రంగులు మారిపోతాయి. ఐపీఎస్ రకం, 4:3 ఆకారం దొరికితే అదే తీసుకోవాలి.

నా తీర్పు అడిగితే, ట్యూబు వెలుగుతున్నంతకాలం దాన్ని కదపొద్దు. కెపాసిటర్లు మార్పించండి. నిజంగా పోయిందనుకుంటే ఎల్‌సీడీ పెట్టండి, కానీ పాత వైర్లు కత్తిరించకుండా కనెక్టర్ల ద్వారానే కలపండి. రేపెవరికైనా మంచి ట్యూబు దొరికితే వెనక్కి మార్చుకోవచ్చు. ఇంకొక మాట: రంగుల ట్యూబు 20 వేల వోల్టులకు పైగా దాచుకుంటుంది, ప్లగ్గు పీకేశాక కూడా. తెలిసిన మెకానిక్ దాన్ని డిశ్చార్జి చేసేదాకా పెట్టె వెనక చెయ్యి పెట్టకండి.