మంచి పొట్టేలు సంతకు, బక్కది మందకు: మనం చేస్తున్న తప్పు ఇదే

ఈసారి వీడియో మా లక్డారంలో, మా మామ గొర్ల దొడ్డి దగ్గర నుంచి. వెనకాల వినిపించేది క్రషర్ల చప్పుడు, కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

మామకు ముప్పై గొర్రెలున్నాయి. రెండేళ్ల కింద బక్రీద్‌కు ముందు బేరగాడు వచ్చి, అన్నిట్లో బాగా పెరిగిన పొట్టేలు పిల్లను చూసి మంచి రేటు చెప్పాడు. మామ అమ్మేశాడు. ఎవరూ కొనని బక్క పొట్టేలు మిగిలింది. మందకు అదే విత్తన పొట్టేలు అయింది. ఇప్పుడేమో పిల్లలు చిన్నగా పుడుతున్నాయని మామ బాధ.

లెక్క చూడండి. ప్రతి పిల్లకూ సగం గుణాలు తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. తల్లులు ముప్పై, తండ్రి ఒక్కటే. అంటే ఆ ఏడాది పిల్లలందరిలో సగం వాటా ఆ ఒక్క పొట్టేలుదే. సెలెక్షన్ మనం చేస్తూనే ఉన్నాం, కాకపోతే ఉల్టా చేస్తున్నాం.

మరి బయటి నుంచి పెద్ద పొట్టేలు తెస్తే సరిపోతుందా? చాలామంది అదే చేశారు. మన జిల్లాలో నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు పాత జాతి దక్కని. గొంగడి నేసేది దాని నల్ల ఉన్నితోనే. ఉన్నికి గిరాకీ తగ్గాక, మాంసం కోసం ఎత్తుగా ఉండే నెల్లూరు పొట్టేళ్లను కలిపారు. సైజు వచ్చింది, ఉన్ని పోయింది. ఎండిన బీళ్లలో దూరం నడిచి, దొరికింది మేసి బతికే దక్కని ఓర్పు కూడా పలచబడుతుంది.

మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్కర్ సంస్థ వాళ్లు ఇంకో దారి పట్టారు. సుందర్‌బన్స్‌లో గారోల్ అనే చిన్న గొర్రె ఉంది, ఎక్కువగా కవలలను ఈనుతుంది. దానికి కారణం ఫెక్‌బి అనే ఒక జీన్. గారోల్‌ను దక్కనితో కలిపి, పుట్టినవాటిని మళ్లీ దక్కనితో దాటించారు. రక్తపరీక్ష చేసి, ఆ జీన్ ఉన్నవాటిని ఉంచుకున్నారు. అలా వచ్చిందే నారి సువర్ణ. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి: రెండు పిల్లలకు సరిపడా పాలు రావాలంటే తల్లికి మేత ఉండాలి. మేత లేని చోట కవలలు లాభం కాదు.

మనం ల్యాబ్ లేకుండా ఏం చేయొచ్చు? సాఫ్ట్‌వేర్‌లో నేను నేర్చుకున్నది ఒక్కటే, లాగ్ లేకపోతే బగ్ దొరకదు. పిల్ల చెవికి ట్యాగ్ వేయండి. పుట్టిన తేదీ, తల్లి నంబరు, ఒంటిగానా కవలా, మూడు నెలలకు బరువు ఫోన్‌లో రాసుకోండి. ఒకే కాలంలో పుట్టినవాటినే పోల్చండి, వానాకాలం పిల్లను ఎండాకాలం పిల్లతో కాదు. ఏటా ఈని, మే నెల ఎండల్లోనూ పిల్లను బతికించుకున్న తల్లి కొడుకునే విత్తనానికి ఉంచండి. రెండేళ్లకోసారి పొట్టేలును మార్చండి, లేదంటే అది తన బిడ్డలనే దాటుతుంది.

ఇదంతా చెప్తే మామ అన్నాడు, "పైసలు ఇప్పుడే కావాలె గదా అల్లుడా." అది నిజమే. మంచి పిల్లను ఆపితే ఆ పండుగకు చేతిలో డబ్బు తగ్గుతుంది. అందుకే అన్నీ ఆపమనలేదు, ఒక్కదాన్ని ఆపమన్నాను. ఈసారి బేరగాడు వచ్చినప్పుడు మామ ఏడో నంబరు పిల్లను దొడ్డి వెనకాల కట్టేశాడు.

దాని పిల్లల బరువులు వచ్చాక ఇదే చోటు నుంచి మళ్లీ మాట్లాడుకుందాం. ఉంటాను.