పీచ్ తోటలను చంపేస్తున్న వేరుకుళ్లు.. లేత కొమ్మతో చెక్ పెడుతున్నారిలా!

అమెరికాలో జార్జియాను ‘పీచ్ స్టేట్’ అంటారు. అక్కడి రైతులకు పెద్ద తలనొప్పి ఆర్మిల్లేరియా వేరుకుళ్లు. చెట్టు చచ్చినా ఈ శిలీంధ్రం పాత వేర్లలో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. అదే చోట కొత్త మొక్క పెడితే దానికీ అంటుకుంటుంది. మందులతో పెద్దగా ఫలితం ఉండదు.

అందుకే అంటు కింద వాడే రూట్‌స్టాక్‌నే మార్చేస్తున్నారు. ఎక్కువమంది వాడే గార్డియన్, లేత వయసులోనే చెట్లు ఎండిపోయే జబ్బును తట్టుకుంటుంది గానీ వేరుకుళ్లుకు లొంగిపోతుంది. ప్లమ్, పీచ్ కలిపి తయారుచేసిన ఎంపీ-29 రెండింటినీ తట్టుకుంటుంది.

మరి గింజ నాటితే సరిపోదా? సరిపోదు. ఇది సంకరం. గింజ మొక్కలన్నీ తల్లిలా రావు.

అందుకే ఆ ఏడాది చిగురించిన పచ్చి కొమ్మలను ఉదయాన్నే కోస్తారు. కింది ఆకులు తీసేసి, మొదలును ఐబీఏ హార్మోన్‌లో ముంచి పెర్లైట్‌లో గుచ్చుతారు. అసలు కష్టం ఇక్కడే! వేర్లు లేవు, ఆకులేమో నీళ్లు వదిలేస్తుంటాయి. అందుకే పగలంతా కాసేపటికోసారి మంచులా సన్నగా నీళ్లు చిమ్మాలి. తక్కువైతే కొమ్మ వాడిపోతుంది, ఎక్కువైతే మొదలు కుళ్లిపోతుంది. కొన్ని వారాల్లో వేర్లు వచ్చాక నీళ్లు మెల్లగా తగ్గించి కుండీల్లోకి మారుస్తారు. కాండం కాస్త లావయ్యాక, కావాల్సిన పీచ్ రకం మొగ్గతో అంటు కడతారు. గింజ మొక్క కన్నా ఖర్చు మాత్రం ఎక్కువే.