పెరట్లో షటిల్ కోర్టు వేసుకోవాలంటే

షటిల్ కోర్టు డబుల్స్‌కు 13.40 మీటర్ల పొడవు, 6.10 మీటర్ల వెడల్పు. అంటే 44 అడుగులు, 20 అడుగులు. చుట్టూ కదలడానికి చోటు వదిలితే 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు అవుతుంది. లెక్కకు సరిగ్గా 200 గజాలు. ఇంటి పక్కన అంత ఖాళీ ఉన్నవాళ్లు వేసవి సెలవులకు పిల్లలు ఆడుకుంటారని పని మొదలుపెడతారు. నేల చదును చేసి, నాలుగంగుళాల కాంక్రీటు పరిచి, రంగు కొట్టి గీతలు గీస్తారు. ఏడాది తిరిగేసరికి పగుళ్లొస్తే ఇంటాయన మేస్త్రీని అంటాడు, మేస్త్రీ సిమెంటును అంటాడు. చాలాసార్లు కారణం కింద నేలలో ఉంటుంది.

ముఖ్యంగా నల్లరేగడిలో. ఆ మట్టిలో మోంట్‌మోరిల్లోనైట్ (పొరల మధ్యకు నీటిని లాక్కుని ఉబ్బే బంకమట్టి ఖనిజం) ఉంటుంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఇంటి గోడల బరువు ఆ ఉబ్బును కొంతైనా అణుస్తుంది. నాలుగంగుళాల పలకకు ఆ బరువు లేదు. పైగా పలక నడిమి కింద నేల కప్పుకుపోయి ఒకే తేమతో ఉంటుంది. అంచుల కింద నేల మాత్రం తడుస్తూ ఆరుతూ ఉంటుంది. అంచులు లేస్తూ దిగుతూ ఉంటే నడుమ కదలదు. పలక విరిగేది అందుకే.

మీ నేల సంగతి ఇంట్లోనే చూసుకోవచ్చు. మట్టిని బాగా ఎండబెట్టి, పొడి చేసి, సన్నగా జల్లించండి. రెండు సన్నని గాజు గ్లాసుల్లో సమంగా పోసి, ఒకదాంట్లో నీళ్లు, మరోదాంట్లో కిరోసిన్ నింపి కలిపి, ఒక రోజు కదపకుండా ఉంచండి. కిరోసిన్‌కు ఈ మట్టి ఉబ్బదు. నీళ్ల గ్లాసులో అడుగున పేరుకున్న మట్టి రెండోదానికన్నా ఒకటిన్నర రెట్లు దాటి ఉంటే ఆ నేల మీద నేరుగా కాంక్రీటు వేయకండి. ప్రయోగశాలల్లో చేసే పరీక్షకు ఇది ఇంటి రూపం.

అలాంటి చోట నల్లమట్టిని తవ్వి తీసేయాలి. రెండడుగులకు తగ్గకూడదని నా అభిప్రాయం. ఆ చోట మొరం (గ్రావెల్) నింపి, ఆరంగుళాలకొక పొర చొప్పున తడిపి రోలర్‌తో తొక్కించాలి. ఇసుక వద్దు. దాంట్లోంచి నీళ్లు ఇట్టే దిగి కింది రేగడికే చేరతాయి.

వాలు కూడా మొరంలోనే కుదరాలి, కాంక్రీటు మందంలో సర్దకూడదు. నూటికి ఒకటి చాలు, అంటే 30 అడుగుల వెడల్పుకు మూడున్నర అంగుళాలు. ఒక పక్కనుంచి రెండో పక్కకు ఒకే వాలు ఉండాలి. నెట్ దగ్గర ఎత్తు చేసి రెండు చివరలకూ దించితే ఆట పాడవుతుంది. నెట్ స్తంభాల గొట్టాలు కాంక్రీటుకు ముందే పాతుకోవాలి.

కాంక్రీటులో ఎక్కువ తేడా చేసేది నీళ్లే. ఎం20 మిశ్రమానికి (ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర) 50 కిలోల బస్తాకు 30 లీటర్లు దాటకూడదు. జారుగా ఉంటే పరచడం తేలిక కాబట్టి కూలీలు ఇంకో బకెట్ పోస్తారు. ఆ అదనపు నీరు ఆవిరయ్యాక పైపొర బలహీనపడి పొడి రాలుతుంది. సరైన పాళ్లలో కలిపినా ఆరేటప్పుడు కాంక్రీటు కుంచించుకుంటుంది, ఎక్కడో ఒకచోట చీలాలి. ఆ చోటు మనమే చూపించాలి: గట్టిపడ్డాక, ఒక రోజు గడవకముందే, పదడుగులకొక గాడి అంగుళం లోతున కోయించాలి. తర్వాత మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపాలి. ఏప్రిల్, మే ఎండల్లో పది రోజులకు తగ్గకూడదు. రంగు 28 రోజులు దాటాకే.

రంగుకు ముందు కోర్టంతా నీళ్లు చల్లి ఒక గంట ఆగండి. రూపాయి బిళ్ల మందానికి మించి నీరు నిలిచిన పల్లాలకు సుద్దతో గీత గీసి, వాటిని పూడ్పించండి. రంగు వేసేశాక ఆ పల్లాలు సరిచేయడం చాలా కష్టం.

ఇక్కడ ఒక సలహా ఉంది. మొరం తొక్కించాక వెంటనే కాంక్రీటుకు వెళ్లకండి. ఆ మొరం మీదే ఎర్రమట్టి పరిచి, తడిపి తొక్కించి, సున్నంతో గీతలు గీసి నెట్ కట్టేయండి. మట్టి నేల కాంక్రీటులా గట్టిగా ఎదురు తన్నదు, పిల్లల మోకాళ్లకు మంచిది. వానల్లో ఆట ఆగుతుంది, నిజమే. కానీ ఆ ఒక్క వానాకాలంలో ఎక్కడ కుంగిందో, ఎటు నీళ్లు పోయాయో నేలే చూపిస్తుంది. కుంగినచోట మళ్లీ మొరం పోసి తొక్కించుకోవచ్చు. సంక్రాంతి నాటికి నేల కుదురుకుంటే అప్పుడు 130 బస్తాల సిమెంటుకు లెక్క వేసుకోండి.