బరోలో: రంగు పలచన, పట్టు గట్టి

ఇటలీ వాయవ్య మూలన పియెమాంటే ప్రాంతంలో, లాంగే కొండల మీద తయారయ్యే ఎర్ర వైన్ బరోలో. 11 గ్రామాల పరిధిలో పండిన నెబ్బియోలో ద్రాక్షతోనే దీన్ని చేయాలి. మరో రకం కలపడానికి వీల్లేదు. 1980లో దీనికి ఇటలీ వైన్లలో అత్యున్నత హోదా అయిన డీఓసీజీ దక్కింది. కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో మాగాకే అమ్మాలి. రిజర్వా రకానికైతే 62 నెలలు.

గ్లాసులో పోస్తే రంగు పలచగా, వయసు మీద పడినకొద్దీ అంచున ఇటుక ఛాయతో కనిపిస్తుంది. అది చూసి తేలికైన వైన్ అనుకుంటే పొరపాటే. ముందు గులాబీ, తారు వాసనలు ముక్కుకు తగులుతాయి. గుక్క వేయగానే పులుపు, ఆ వెంటనే పచ్చి వక్క నమిలినట్టు నాలుకను పట్టేసే వగరు. ఈ వగరు టానిన్లది. అవి లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కుని నోటిని ఆరబెడతాయి. మాంసం, చీజ్ తోడైతే వాటిలోని ప్రొటీన్, కొవ్వు ఆ పదును తగ్గిస్తాయి. అందుకే అక్కడివాళ్లు గొడ్డు మాంసాన్ని ఇదే వైన్‌లో గంటల తరబడి సన్నని సెగ మీద ఉడికించి 'బ్రసాతో' వండుతారు. గుడ్డు సొనతో చేసిన తాయారిన్ పాస్తా మీద, నేలలో పెరిగే ఆల్బా తెల్ల ట్రఫుల్‌ను పల్చగా తురుముకుని తినడం శరదృతువులో వాళ్లకు పండగే.

కారం మాత్రం దీనికి పడదు. ఆల్కహాల్ 13 శాతానికి తగ్గదు కాబట్టి మిరప మంట ఇంకా రేగుతుంది. గుంటూరు మిరపకాయతో దట్టించిన మాంసం కూర పక్కన బరోలో పెట్టడం డబ్బు దండగ.