సీఏ ఇంటర్‌లో ఒక గ్రూప్ ఆగింది.. చేతిలో యూఎస్ ట్యాక్స్ జాబ్! ఖాజాగూడ బీకాం బ్యాచ్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

రాత్రి పదిన్నరకి ఖాజాగూడ జంక్షన్‌లో కాసేపు నిలబడండి. కంపెనీ క్యాబ్‌లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతుంటాయి. మెడలో ట్యాగ్, వీపున బ్యాగ్. దిగేవాళ్లంతా సాఫ్ట్‌వేరే అనుకుంటాం. కాదు. అందులో చాలామంది జీవితంలో ఒక్క లైన్ కోడ్ కూడా రాయని బీకాం వాళ్లు. సాయంత్రం నుంచి వాళ్లు చూసింది అమెరికాలో ఎవరో డెంటిస్ట్ తాలూకు ట్యాక్స్ రిటర్న్.

వీళ్లలో ఒక టైప్ ఉంది. ఇంట్లో అడిగితే "మా అమ్మాయి సీఏ చదువుతోంది" అంటారు. ఆఫీస్‌లో అడిగితే "ట్యాక్స్ అసోసియేట్" అంటారు. రెండూ నిజమే. సీఏ ఇంటర్‌లో ఒక గ్రూప్ అయింది, ఇంకోటి ఆగింది. ఖాళీగా ఎందుకని జాబ్‌లో చేరింది. "ఒక అటెంప్ట్‌లో కొట్టేస్తా" అనుకుంది. అలా రెండేళ్లు గడిచాయి.

ఇలాంటి వాళ్లు మీ ఇంట్లోనో, మీ పీజీ రూమ్‌లోనో ఉంటే ఈ లెక్క ఒకసారి చూడండి. సమస్య తెలివిలోనో కష్టంలోనో లేదు. చాలావరకు క్యాలెండర్‌లో ఉంది.

ముందు ఒక మాట.. ఈ ఇంటర్ ఆ ఇంటర్ కాదు

సీఏ వాళ్లకి పెళ్లిళ్లలో ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "డిగ్రీ అయిపోయిందన్నారు, ఇంకా ఇంటరేంటమ్మా?" అని. ఇది ఎంపీసీ, బైపీసీ ఇంటర్ కాదండీ. సీఏలో ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్ అని మూడు మెట్లు. వీటిని నడిపేది ఐసీఏఐ. 1949లో పార్లమెంట్ చేసిన చట్టంతో ఏర్పడిన సంస్థ. హైదరాబాద్ బ్రాంచ్ రెడ్ హిల్స్‌లో ఉంటుంది.

ఇంటర్‌లో రెండు గ్రూపులు, గ్రూపుకు మూడు పేపర్లు. మొదటి దాంట్లో అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్, లా, ట్యాక్సేషన్. రెండో దాంట్లో కాస్టింగ్, ఆడిటింగ్, ఎఫ్ఎం ఎస్ఎం. ఒక్కో పేపర్ 100 మార్కులు. ఒక్కో పేపర్‌లో కనీసం 40 రావాలి. గ్రూప్ మొత్తం మీద సగం, అంటే 300కి 150 రావాలి.

ఇంట్లోవాళ్లకి అర్థం కానిది ఈ రెండో కండిషనే. 44, 48, 52 వచ్చాయనుకోండి. ఏ పేపర్‌లోనూ ఫెయిల్ కాలేదు. కానీ టోటల్ 144. ఆరు మార్కులు తక్కువ. గ్రూప్ పోయింది. మూడు పేపర్లూ మళ్లీ రాయాలి. "అన్నిట్లో పాస్ అయ్యావు కదా, ఫెయిల్ అంటావేంటి?" అని నాన్న అడిగితే ఏం చెప్పాలో తెలియక ఫోన్ పెట్టేసేది ఇందుకే.

2025 జనవరి ఇంటర్ రిజల్ట్ చూడండి. మొదటి గ్రూప్ రాసిన వాళ్లలో పాసైంది 14.17 శాతం. రెండో గ్రూప్‌లో 22.16 శాతం. రెండూ కలిపి రాసి పాసైన వాళ్లు 14.05 శాతం. వందలో 75 మందికి పైగా ఆగిపోయే పరీక్ష ఇది. ఒకసారి తప్పడం అందరికీ జరిగేదే.

అన్నయ్య చెప్పిన రూల్ ఇప్పుడు లేదు

ఇక్కడే అసలు చిక్కు. సీనియర్లు చాలామంది ఇప్పటికీ "ఒక గ్రూప్ అయింది కదా, ఆర్టికల్స్‌లో చేరిపో, రెండోది తర్వాత చూసుకోవచ్చు" అంటుంటారు. వాళ్ల రోజుల్లో అది కరెక్టే. అప్పట్లో ఒక గ్రూప్ పాసైతే ఆర్టికల్‌షిప్ మొదలయ్యేది. మూడేళ్లు ఉండేది.

2023 జులై 1 నుంచి రూల్ మారింది. ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. అందరూ ఈ ముక్కే విని సంతోషించారు. రెండో ముక్క మీద పెద్దగా చర్చ జరగలేదు. కొత్త స్కీమ్‌లో రెండు గ్రూపులూ పాసైతేనే ఆర్టికల్‌షిప్‌లో చేరగలరు.

అంటే ఒక గ్రూప్ దగ్గర ఆగిన స్టూడెంట్‌కి ఇప్పుడు వెళ్లడానికి ఆఫీసే లేదు. ముందైతే ఏదో ఒక ఆడిట్ ఫర్మ్‌లో వోచర్లు చూస్తూ ఉండేవాళ్లు. ఇప్పుడు ఇంట్లో ఉండాలి, లేదా జాబ్ చూసుకోవాలి. సరిగ్గా అదే టైమ్‌లో ఐటీ కారిడార్‌లో యూఎస్ ట్యాక్స్ కొలువులు కనిపిస్తున్నాయి. అమెరికాలో అకౌంటింగ్ చదివేవాళ్లు తగ్గారు, పని తగ్గలేదు. ఆ పని ఇటొస్తోంది. బిగ్ ఫోర్ అని పిలిచే డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ నాలుగింటికీ హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. వాటి వెనక చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి. అందులో ఎక్కువ ఆఫీసులు గచ్చిబౌలి, రాయదుర్గం, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపే. ఖాజాగూడ వీటి మధ్యలో ఉంది కాబట్టి పీజీల్లో ఈ బ్యాచ్ కనిపిస్తుంది.

ఇంకో విషయం క్లియర్‌గా చెప్పుకోవాలి. ఈ జాబ్‌లో చేసిన రెండేళ్లు ఆర్టికల్‌షిప్ కింద లెక్కకు రావు. "ఎక్స్‌పీరియన్స్ ఉంది కదా, కలుపుతారేమో" అని ఆశపడేవాళ్లు ఉన్నారు. ఐసీఏఐలో రిజిస్టర్ అయి, సీఏ దగ్గర చేసిందే ఆర్టికల్‌షిప్.

మూడు అటెంప్టులు.. మూడు డెడ్‌లైన్లు

సీఏ ఇంటర్ ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు జరుగుతోంది. జనవరి, మే, సెప్టెంబర్. మూడు ఛాన్సులు ఉన్నాయి కదా అనిపిస్తుంది. ఇప్పుడు దాని పక్కన అమెరికా క్యాలెండర్ పెట్టండి.

మార్చి 15: పార్ట్‌నర్‌షిప్‌లు, ఎస్ కార్పొరేషన్ల రిటర్న్‌లకు గడువు. ఏప్రిల్ 15: మామూలు జనం వేసే 1040 ఫామ్, సీ కార్పొరేషన్ల రిటర్న్‌లు. ఎక్స్‌టెన్షన్ తీసుకున్న వాళ్లకి మొదటి బ్యాచ్ సెప్టెంబర్ 15, 1040 వాళ్లకి అక్టోబర్ 15. ఆఫీసుల్లో బిజీ సీజన్ అనేది ఈ తేదీల చుట్టూ తిరుగుతుంది. జనవరి చివర్లో వేడి మొదలై ఏప్రిల్ 15 దాకా శనివారాలు ఉండవు. మధ్యలో మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుతారు. అప్పటిదాకా ఇక్కడ రాత్రి ఏడున్నరకి వచ్చే న్యూయార్క్ ఉదయం తొమ్మిది కాల్, ఆ రోజు నుంచి ఆరున్నరకే వస్తుంది.

ఇప్పుడు మే అటెంప్ట్ చూడండి. పరీక్షలు సాధారణంగా మే మొదటి వారంలో మొదలవుతాయి. ఏప్రిల్ 15కి, దానికి మధ్య దొరికేది అటూఇటూగా 20 రోజులు. అందులో మొదటి మూడు రోజులు నిద్రకే పోతాయి (మా రూమ్‌లో చూసిందే చెప్తున్నా, ఏప్రిల్ 16న లేపినా లేవరు). మూడు పేపర్లు 17 రోజుల్లో అంటే, ఇంతకుముందే గట్టిగా చదివి ఉన్నవాళ్లకే సాధ్యం.

సెప్టెంబర్ అటెంప్ట్ ఇంకా ఘోరం. పరీక్షలు మొదటి పక్షంలోనే. సెప్టెంబర్ 15 డెడ్‌లైన్ నెత్తిమీద ఉంటుంది. ఆ టైమ్‌లో పది రోజులు లీవ్ అడిగితే మేనేజర్ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మిగిలింది జనవరి. అక్టోబర్ 15తో సీజన్ అయిపోతుంది. జనవరి మొదటి సగంలో పరీక్ష. మధ్యలో 80 రోజులు పైనే దొరుకుతాయి. అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవులు కూడా ఇందులోనే. పని ఏడాదిలో అన్నిటికంటే తక్కువగా ఉండే టైమ్ ఇది.

అందుకే పేపర్ మీద మూడు అటెంప్టులు ఉన్నా, యూఎస్ ట్యాక్స్‌లో ఉన్నవాళ్లకి నిజంగా ఉన్నది ఒక్కటే. నాకైతే ఇది చాలామంది లెక్కలో వేసుకోని విషయం అనిపించింది. మేలో రాసి, సెప్టెంబర్‌లో రాసి, అలసిపోయి, అసలైన జనవరి వచ్చేసరికి "ఇక నా వల్ల కాదు" అనేస్తున్నారు.

ఎగ్జెంప్షన్ ఉంది కదా అని ధీమాగా ఉన్నారా?

గ్రూప్‌లోని పేపర్లన్నీ రాసి ఫెయిలైనా, ఏదైనా ఒక పేపర్‌లో 60 లేదా అంతకంటే ఎక్కువ వస్తే ఆ పేపర్‌కి ఎగ్జెంప్షన్ వస్తుంది. తర్వాతి మూడు పరీక్షల వరకు ఆ పేపర్ మళ్లీ రాయక్కర్లేదు. గమనించండి, మూడేళ్లు కాదు, మూడు పరీక్షలు. ఏడాదికి రెండు పరీక్షలున్నప్పుడు అది ఏడాదిన్నర నడిచేది. ఇప్పుడు ఏడాదికి మూడు కాబట్టి ఏడాదిలోనే అయిపోతుంది. ఆ మూడింట్లో మీకు పనికొచ్చే జనవరి ఒక్కటే అయితే, ఎగ్జెంప్షన్ వాడుకునే ఛాన్స్ కూడా ఒక్కటే.

గడువు దాటాక కూడా కొనసాగించుకునే దారి కొత్త స్కీమ్‌లో ఉంది. కాకపోతే అప్పుడు మిగిలిన పేపర్లలో 40 సరిపోదు, ఒక్కోదాంట్లో 50 తెచ్చుకోవాలి.

ఆలస్యానికి ఇంకో ఖర్చు సిలబస్. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం పోయి 2025 చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ నంబర్లు మారిపోయాయి. ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ అని బట్టీ పట్టిన వాటి స్థానంలో "ట్యాక్స్ ఇయర్" వచ్చింది. పాత నోట్స్ అటక మీద నుంచి దింపి చదువుదాం అంటే కుదరదు. ఏ అటెంప్ట్‌కి ఏ చట్టం అడుగుతారో ఐసీఏఐ నోటిఫికేషన్ చూసుకున్నాకే పుస్తకం కొనండి.

పాసైతే ఏమవుతుంది? ఇది ఎవరూ అడగని ప్రశ్న

జనవరిలో రాశారు, పాసయ్యారు. మార్చిలో రిజల్ట్. బిజీ సీజన్ పీక్‌లో ఉంది. ఆర్టికల్‌షిప్‌తో పాటు ఫుల్‌టైమ్ జాబ్ చేయడం కుదరదు. అంటే రిజైన్ చేయాలి. రెండేళ్లు స్టైపెండ్ మీద బతకాలి. కనీస స్టైపెండ్ ఊరి జనాభాను బట్టి ఐసీఏఐ ఫిక్స్ చేస్తుంది, పెద్ద ఫర్మ్‌లు అంతకంటే ఎక్కువే ఇస్తాయి. అయినా ఇప్పుడొచ్చే జీతంతో దానికి పోలిక లేదు. ఆర్టికల్‌షిప్ అయ్యాక మరో ఆరు నెలలు ఆగాకే ఫైనల్ రాయాలి. అన్నీ సాఫీగా జరిగితే, ఇంటర్ రాసిన జనవరి నుంచి ఫైనల్ రాసేసరికి దాదాపు మూడేళ్లు.

తమ్ముడి ఫీజు, ఊళ్లో అప్పు, ఇక్కడ పీజీ అద్దె. ఈ మూడూ ఆ జీతం మీదే నడుస్తుంటే రెండో గ్రూప్ పాసవ్వడం సంతోషంతో పాటు భయం కూడా తెస్తుంది. కొందరు చదవకుండా ఫీజు మాత్రం కడుతూ పోవడానికి ఇది కూడా ఒక కారణం అని నాకు అనిపిస్తుంది. పైకి మాత్రం టైమ్ లేదంటారు. కాబట్టి అటెంప్ట్ ప్లాన్‌తో పాటే డబ్బు ప్లాన్ వేసుకోవాలి. జాబ్‌లో ఉండగానే రెండేళ్ల రూమ్ అద్దె విడిగా దాచగలిగితే రిజల్ట్ రోజు నిర్ణయం తేలికవుతుంది.

సీఏ వదిలేస్తే దారి మూసుకుపోతుందా?

లేదు. యూఎస్ ట్యాక్స్‌లోనే ఉండిపోవాలనుకునేవాళ్లకి ఈఏ, అంటే ఎన్‌రోల్డ్ ఏజెంట్ ఉంది. అమెరికా ఐఆర్‌ఎస్ ఇచ్చే గుర్తింపు. మూడు పార్ట్‌లు: వ్యక్తుల ట్యాక్స్, బిజినెస్‌ల ట్యాక్స్, ఐఆర్‌ఎస్ ముందు క్లయింట్ తరఫున హాజరయ్యే రూల్స్. డిగ్రీ కూడా తప్పనిసరి కాదు. రోజూ ఆఫీస్‌లో చేసే పనే సిలబస్. మార్చి, ఏప్రిల్‌లో ఈ పరీక్షే ఉండదు, బిజీ సీజన్‌తో గొడవ లేదు.

యూఎస్ సీపీఏ దీనికంటే పెద్దది. 2024 నుంచి మూడు కోర్ పేపర్లు, నచ్చింది ఒకటి, మొత్తం నాలుగు. ఒక్కోదాంట్లో 75 స్కోర్ రావాలి. హైదరాబాద్‌లోనే సెంటర్ ఉంది. అయితే మూడేళ్ల బీకాం ఒక్కటే చాలాసార్లు సరిపోదు. క్రెడిట్లు తగ్గుతాయి. ఫీజు కట్టకముందే మీ డిగ్రీ లెక్క ఎంతవుతుందో తేల్చుకోవాలి. కోచింగ్ సేల్స్ కాల్‌లో ఈ మాట ఆఖర్న వస్తుంది, ఒక్కోసారి రాదు కూడా.

తేడా ఎక్కడంటే, మన దగ్గర కంపెనీ ఆడిట్ రిపోర్ట్ మీద, ట్యాక్స్ ఆడిట్ మీద సంతకం చేయగలిగేది ప్రాక్టీస్‌లో ఉన్న సీఏ మాత్రమే. ఈఏతో గుంటూరులోనో కరీంనగర్‌లోనో సొంత ఆడిట్ ఆఫీస్ పెట్టలేరు. ఎప్పటికైనా ఊళ్లో బోర్డు పెట్టాలని ఉంటే సీఏ కావాలి. కారిడార్‌లోనే కెరీర్ అనుకుంటే ఈఏ తక్కువ టైమ్‌లో ప్రమోషన్‌కి పనికొస్తుంది. ఇందులో ఏది ఎంచుకున్నా చిన్నతనం ఏమీ లేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టి నాలుగేళ్లు గడపడమే నష్టం.

ఇప్పుడు ఏం చేయాలి?

జనవరికి రాయాలనుకునేవాళ్లు ఈ పనులు మాత్రం వాయిదా వేయొద్దు. ఎగ్జామ్ ఫామ్ సాధారణంగా నవంబర్‌లో వస్తుంది, ఐసీఏఐ సైట్‌లో తేదీ చూసి రిమైండర్ పెట్టుకోండి. ఇంటర్ రిజిస్ట్రేషన్ ఐదేళ్లే పనిచేస్తుంది, మీది ఎప్పుడు ముగుస్తుందో చూసుకోండి. పరీక్ష రోజులకి లీవ్ అక్టోబర్‌లోనే మెయిల్‌లో అడగండి. నోటిమాటగా "చూద్దాంలే" అన్నది జనవరి వచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు. ఆఫర్ లెటర్‌లో నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులు, బాండ్ ఉందా అన్నది కూడా ఇప్పుడే చదవండి. మార్చిలో రిజల్ట్ వచ్చి ఆర్టికల్‌షిప్ దొరికాక, 90 రోజుల నోటీస్ ఉందని అప్పుడు తెలిస్తే ఆ సీటు మీ కోసం ఆగదు.