ర్యాలీ కారులో మాట: హెడ్‌సెట్ ఇంటర్‌కామ్, రేడియో వ్యవస్థల అమరిక - దోషనిర్ధారణ

వ్యాససంగ్రహం: ర్యాలీ కారులో చోదకునికి, సహచోదకునికి నడుమ మాటను చేరవేసే ఇంటర్‌కామ్‌ను, దానితో జతపడే రేడియోను అమర్చే పద్ధతిని, దోషం తలెత్తినప్పుడు దాని మూలాన్ని గుర్తించే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. దోషాలలో అధికభాగం పరికరంలో కాక, మాట ప్రయాణించే మార్గంలోనే ఉంటాయన్నది ఇందలి ప్రతిపాదన.

కీలకపదాలు: ర్యాలీ, పేస్ నోట్స్, ఇంటర్‌కామ్, మైక్, ఎర్త్, యాంటెన్నా, ఆల్టర్నేటర్ రొద.

1. ఉపోద్ఘాతం

ర్యాలీలో చోదకుడు తన కంటికి కనిపించే దారిని మాత్రమే నమ్ముకొని నడపడు. కనిపించని మలుపును సహచోదకుడు ముందుగానే చదివి వినిపిస్తాడు. ఈ చదువుకు ఆధారం పేస్ నోట్స్. మలుపు తీవ్రతను సాధారణంగా 1 నుండి 6 వరకు అంకెలతో సూచిస్తారు. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 33 మీటర్లు దాటుతుంది. అంటే ఒక అంకె వినబడక మళ్లీ అడిగేలోపు మలుపు వెనుకబడిపోతుంది.

1955 మే 1న ఇటలీలో జరిగిన మిల్లే మిలియా పందెంలో స్టిర్లింగ్ మోస్, డెనిస్ జెన్కిన్సన్ మెర్సిడెస్ 300 ఎస్.ఎల్.ఆర్. కారులో 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో గమ్యం చేరి విజేతలయ్యారు. దారి వివరాలను జెన్కిన్సన్ పొడవైన కాగితపు చుట్టపై రాసుకున్నాడు. వారు ముందుగా ఇంటర్‌కామ్‌ను పరీక్షించారు. కాని పూర్తి ఏకాగ్రతతో నడుపుతున్న మోస్‌కు మాట అందడం లేదని గ్రహించి, చేతి సంజ్ఞలను ఎంచుకున్నారు. ఇంటర్‌కామ్ విషయంలో ఈ సందర్భం గమనింపదగినది. శబ్దం చెవిని చేరడం ఒకటి, అర్థం మనసును చేరడం మరొకటి. రొదలో నుండి మాటను వేరుచేసుకోవలసిన శ్రమ చెవికి ఎంత మిగిలితే, చోదకుని ఏకాగ్రతలో అంత భాగం దానికే ఖర్చవుతుంది.

2. మైక్ స్వభావం

హెల్మెట్‌లోని మైక్ రొదను తగ్గించే రకానికి చెందినది. దాని పొరకు ముందు, వెనుక రెండువైపులా రంధ్రాలుంటాయి. దూరం నుండి వచ్చే ఇంజిన్ రొద రెండువైపులా దాదాపు సమానంగా తాకి రద్దవుతుంది. పెదవుల దగ్గరి మాట ముందువైపునే బలంగా తాకుతుంది. కనుక మైక్ పెదవులకు దాదాపు తగిలేంత దగ్గరగా ఉండాలి. రెండు మూడు సెంటీమీటర్లు జరిగినా మాట బలం తగ్గిపోతుంది, రొద మాత్రం అలాగే ఉంటుంది. మాట వినబడడం లేదన్న ఫిర్యాదు రాగానే చాలామంది శబ్దస్థాయి మీటను పెంచుతారు. దానివల్ల రొద కూడా అంతే పెరుగుతుంది. 85 డెసిబెల్‌ల శబ్దాన్ని రోజుకు 8 గంటలు మించి వినరాదనీ, ప్రతి 3 డెసిబెల్‌ల పెరుగుదలకు ఆ కాలం సగమవుతుందనీ అమెరికా జాతీయ వృత్తిభద్రత, ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఆ లెక్కన 100 డెసిబెల్‌ల వద్ద మిగిలేది 15 నిమిషాలే. మీటను తాకకముందు మైక్‌ను సరిచేయడమే మేలు.

మైక్‌లలో డైనమిక్, ఎలెక్ట్రెట్ అని రెండు రకాలున్నాయి. డైనమిక్ మైక్ తనంతట తానే స్వల్ప విద్యుత్తును పుట్టిస్తుంది. ఎలెక్ట్రెట్ మైక్‌కు యాంప్లిఫయర్ నుండి కొద్దిపాటి వోల్టేజి అందాలి. డైనమిక్‌కు ఉద్దేశించిన యాంప్లిఫయర్‌కు ఎలెక్ట్రెట్ హెల్మెట్ తగిలిస్తే మాట అసలే రాదు. ప్లగ్ ఒకేలా కనిపించినా లోపలి తీగల వరుస తయారీదారును బట్టి మారుతుంది. అందువల్ల ఒక సంస్థ హెల్మెట్‌ను మరొక సంస్థ యాంప్లిఫయర్‌కు జతచేసే ముందు ఈ రెండు విషయాలూ చూడాలి. పాత కార్లు చేతులు మారినప్పుడు తలెత్తే చిక్కులకు ఇది తరచు కారణం.

3. అమరిక

యాంప్లిఫయర్‌ను సహచోదకుని చేతికందే చోట, ఇగ్నిషన్ కాయిల్‌కు, ఇంధన పంపు తీగలకు దూరంగా అమర్చాలి. 25 వాట్ల వి.హెచ్.ఎఫ్. రేడియో మాట పంపేటప్పుడు సుమారు 5 నుండి 6 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. ఇంటర్‌కామ్‌కు అందులో చాలా స్వల్పభాగం చాలు. కనుక రెండింటికీ వేర్వేరు ఫ్యూజులుండాలి. రేడియో తీగను నేరుగా బ్యాటరీ నుండి తేవడం ఉత్తమం. ఎర్త్ విషయంలో నియమం ఒక్కటే: ఇంటర్‌కామ్, రేడియో, కెమెరా ఇవన్నీ ఒకే చోట ఎర్త్ కావాలి. రంగు గీకి, శుభ్రమైన లోహంపై బిగించని ఎర్త్ ఉన్నా లేనట్లే.

హెల్మెట్ తీగ లాగగానే ప్లగ్ ఊడివచ్చేలా ఉండాలి. ప్రమాదం జరిగి కారు నుండి త్వరగా బయటపడవలసినప్పుడు మెడకు తగులుకునే తీగ ప్రాణాంతకం కాగలదు. బిగువు కోసం ప్లగ్‌పై టేపు చుట్టే అలవాటు ఈ కారణంగా గర్హనీయం.

యాంటెన్నా పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగోవంతు. 150 మెగాహెర్ట్‌జ్‌ల వద్ద అది సుమారు 50 సెంటీమీటర్లు. దానికింద లోహపు పైకప్పు ఉండాలి. పైకప్పు ఫైబర్‌దైతే లోపలివైపు లోహపు రేకు పరచాలి. అమరిక కుదిరిందో లేదో స్టాండింగ్ వేవ్ మీటర్ చెబుతుంది. నిష్పత్తి 3 అయితే పంపిన శక్తిలో నాలుగోవంతు వెనుదిరిగినట్లు లెక్క. భారతదేశంలో ఇటువంటి రేడియోకు కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం అనుమతి అవసరం. 446.0 నుండి 446.2 మెగాహెర్ట్‌జ్‌ల మధ్య పనిచేసే అల్పశక్తి పరికరాలకు 2018 నుండి మినహాయింపు ఉంది గాని, కొండదారుల్లో వాటి పరిధి చాలదు.

4. దోషనిర్ధారణ

మొదటి పరీక్షకు ఏ పరికరమూ అక్కరలేదు. ఇద్దరూ హెల్మెట్లు మార్చుకోవాలి. దోషం హెల్మెట్‌తోపాటు అవతలి సీటుకు వెళ్తే అది హెల్మెట్‌లోనిది. సీటుతోనే ఉండిపోతే సాకెట్‌లోనిదో యాంప్లిఫయర్‌లోనిదో అవుతుంది. దీన్ని చేయకుండానే యాంప్లిఫయర్‌ను విప్పేవారే ఎక్కువ.

రెండవది రొద స్వభావాన్ని వినడం. ఇంజిన్ వేగంతోపాటు స్థాయి పెరిగే కూత ఆల్టర్నేటర్‌ది. ఇంటర్‌కామ్‌ను కారు విద్యుత్తు నుండి వేరుచేసి, ఎర్త్ తీగతో సహా, విడి బ్యాటరీపై నడిపి చూడాలి. కూత ఆగితే అది విద్యుత్తు తీగల ద్వారానే వస్తున్నది. ఫిల్టరు, మంచి ఎర్త్ దానికి మందు. ఆగకపోతే తీగల దారి మార్చాలి, లేదా ఇతర పరికరాలను అనుమానించాలి. ఇక్కడ తరచు దొరికే దోషి కారులోని కెమెరా. ఇంటర్‌కామ్ నుండి కెమెరాకు శబ్దపు తీగ వెళ్తుంది. రెండూ వేర్వేరు చోట్ల ఎర్త్ అయితే వాటి మధ్య ఒక వలయం ఏర్పడి రొదను తెస్తుంది. కెమెరా తీగను ఊడదీయగానే నిశ్శబ్దం నెలకొంటే కారణం అదే. శబ్దపు తీగలో చిన్న ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే ఈ వలయం తెగుతుంది.

మూడవది, మాట పంపే మీట నొక్కినప్పుడు మాత్రమే చెవుల్లో అరుపు రావడం. రేడియో తరంగాలు మైక్ తీగలోకి చొరబడడం దీనికి కారణం కావచ్చు. యాంటెన్నా స్థానంలో డమ్మీ లోడ్ అనే 50 ఓమ్‌ల నిరోధకాన్ని తగిలించి మీట నొక్కాలి. అరుపు పోతే కారణం నిర్ధారణ అయినట్లే. అప్పుడు యాంటెన్నా కింది ఎర్త్‌ను, కేబుల్ కొనలను సరిచూసి, మైక్ తీగకు ఫెర్రైట్ తొడగాలి. రేడియోనే మార్చితే ఖర్చు తప్ప ఫలితం ఉండదు.

వినబడీ వినబడని మాట మరొక సమస్య. రేడియో సంభాషణలో సాధారణంగా 300 నుండి 3,000 హెర్ట్‌జ్‌ల మధ్య ధ్వనులే చేరతాయి. స, ష, ఫ వంటి ఊష్మ ధ్వనుల బలం అంతకు పైనే అధికం కావడంతో అవి మసకబారతాయి, అచ్చులు నిలుస్తాయి. అంతర్జాతీయ విమానయాన పరిభాషలో 9ని ఇంగ్లీషులో ‘నైనర్’ అనడం ‘ఫైవ్’తో పోలికను తప్పించడానికే. తెలుగులో ‘ఎడమ’, ‘ఏడు’ మొదట ఒకేలా వినిపిస్తాయి. తెలుగులో నోట్స్ రాసుకునే జంట ఉంటే ఈ జతను ముందుగానే మార్చుకోవాలి. ఇటువంటి తికమకకు యంత్రంలో మరమ్మతు లేదు.

అన్నిటికన్నా మొండిది వచ్చిపోయే దోషం. నిలబడిన కారులో అది కనిపించదు. ఇంజిన్ ఆపి, మీటర్ తగిలించి, సాకెట్‌నూ తీగ మెడ భాగాన్నీ ఒక్కొక్కటిగా మెల్లగా వంచి చూడాలి. తీగ ప్లగ్‌లోకి ప్రవేశించే చోటే తెగుతుంది, పైతొడుగు చెక్కుచెదరకుండా ఉన్నప్పటికీ. చెమట, వాన తడి వల్ల ప్లగ్‌పై పేరుకున్న తుప్పు కూడా ఇటువంటి దోషాన్నే చూపుతుంది. దాన్ని కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచాక కూడా ప్లగ్ వదులుగా తిరుగుతుంటే, లోపలి స్ప్రింగు సడలిన ఆ సాకెట్‌ను మార్చవలసిందే.